జీపుకి కొత్త రేకులు వేయించకండి!

తుప్పును మించిన సమాజసేవకుడు మన జిల్లాలో లేడు.

ఇది ఆవేశంలో రాస్తున్న మాట కాదు. ఇరవయ్యారేళ్ల జీపు తలుపు కింద పడ్డ మూడు వేళ్ల కంతలో రెండేళ్లపాటు వేళ్లు పెట్టి చూసి, చెయ్యి కడుక్కుని, నిదానంగా ఆలోచించి రాస్తున్నాను. ముప్ఫయ్యొక్కేళ్లు పాల సహకార సంఘం లేబొరేటరీలో వెన్న శాతం కొలిచినవాణ్ణి. కొలవకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు.

నెల కిందట ఆ కంతలన్నీ కోయించి కొత్త రేకులు వేయించాను. ఏం పోగొట్టుకున్నానో చెబుతాను. విన్నాక కూడా మీ జీపు దగ్గరికి వెల్డరుని రానిస్తే అది మీ ఖర్మ!

అసలు తుప్పంటే మనవాళ్లకి ఎందుకంత భయం? ఏడాదిలో మూడొందల రోజులు సముద్రం గాల్లో ఉప్పు చల్లుతుంది. మిగిలిన రోజుల్లో మంచు పడుతుందని కౌంటీ లారీలు రోడ్ల మీద ఉప్పు చల్లుతాయి. పంది మాంసాన్ని ఊరవేసినంత శ్రద్ధగా మన బండ్లని ఉప్పులో ఊరవేస్తున్నారు. అలాంటి చోట తుప్పు పట్టడం దోషమా? పట్టకపోవడమే మర్యాద తప్పడం!

ముందు చిన్న లాభాలు చెబుతాను.

నా జీపుకి కంతలున్న రోజుల్లో ఎంత వేగంతో పోతున్నానో తెలుసుకోడానికి ముల్లు చూడాల్సిన పని ఉండేది కాదు. కాళ్ల సందులోంచి రోడ్డు కనిపించేది. రాళ్లు గీతల్లా కనిపిస్తే వేగం ఎక్కువ. విడివిడిగా కనిపిస్తే సరిపడా వేగం. ఒకే రాయి చాలాసేపు కనిపిస్తే ముందు గొర్రెలు అడ్డం ఉన్నాయని అర్థం. ఇంత వివరంగా చెప్పే మీటరు ఏ కొత్త బండిలో ఉంది?

ఆరోగ్యం సంగతి చూడండి. మడుగులోంచి పోయినప్పుడల్లా చల్లటి నీళ్లు పాదాల మీదికి చిమ్మేవి. జనం సముద్రపు ఒడ్డున ఉన్న బండోరన్ దాకా పోయి, వరసలో నిలబడి, సముద్రపు నాచు వేసిన తొట్టెల్లో కూర్చుని ఒళ్లు నొప్పులు పోయాయంటారు. నాకు అదే వైద్యం గ్లెంటీస్ వెళ్లే దారిలో, బూట్లు కూడా విప్పకుండా జరిగేది.

దొంగల భయమా? పదకొండేళ్లు తాళం వెయ్యలేదు. తలుపు లాగితే పిడి చేతికొచ్చేస్తుంది. ఆ పిడి పట్టుకుని దొంగ ఎక్కడికి పారిపోతాడు?

వ్యవసాయం కూడా ఉంది. వెనక మడ్‌గార్డు లోపలి అంచు మీద ఏళ్ల తరబడి పేరుకున్న బురదలో పోయినేడు ఏప్రిల్లో ఒక ఓట్స్ మొక్క మొలిచింది. నేను నీళ్లు పోయలేదు, ఎరువు వెయ్యలేదు. గాలికి తలూపుకుంటూ నాతోపాటు సంతకీ వచ్చింది, చర్చికీ వచ్చింది. జూన్లో కంకి వేసింది. ఆ కంకిని చూసుకుని నేను రెండు వారాలు జీపు కడగలేదు. అంతకుముందు కడిగానని కాదు. కొత్త జీపుల్లో తిరిగే పెద్దమనుషులారా, మీరు ఇంతవరకు ఏం పండించారు?

కానీ ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం వేరే.

మన ఊళ్లో మగవాడు మరో మగవాడి ఇంటికి ఊరికే వెళ్లడు. ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, అందరూ పాటిస్తున్న చట్టమే. ఆడవాళ్లు కేకు పట్టుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లిపోతారు. మగవాడి చేతిలో స్పానరు ఉండాలి. లేకపోతే తాడు ఉండాలి. అదీ లేకపోతే కనీసం ఒక అనుమానమైనా ఉండాలి: నీ నీళ్ల పంపు చప్పుడు మారినట్టుంది, రోడ్డు మీంచి వినిపించింది, చూద్దామని వచ్చా. ఆ తర్వాత ఇద్దరూ పంపు పక్కన గంటసేపు నిలబడవచ్చు. పంపు బాగుందని తేలినా సరే. కానీ పంపు లేకుండా నిలబడటానికి వీల్లేదు.

నా భార్య ఐలీష్ పోయి రెండేళ్లు దాటింది. మార్చి నెల. రెండు రోజులు ఇల్లు పట్టనంత జనం. మూడొందల మంది నా చెయ్యి పట్టుకుని ఊపారు. కుడి మణికట్టు వారం రోజులు నొప్పి పుట్టింది. గుడ్డు శాండ్‌విచ్‌లు ఎంతమంది తిన్నా తరగలేదు. అంతా నిండుగా, మర్యాదగా జరిగింది. నెల తిరిగిన రోజున చర్చిలో ప్రార్థన. ఆ మర్నాటి నుంచి వాకిట్లో కుక్క, నేను.

వాళ్లకి రావాలని లేక కాదు. ఏం పని చెప్పి వస్తారు? పోయినవాళ్లని ఎవరూ స్పానరుతో బాగు చెయ్యలేరు కదా!

అప్పుడు నన్ను కాపాడింది తుప్పే.

టర్లొ బాయిల్ అని మా పై పొలం పొరుగువాడు. నలభై గొర్రెలకీ, లోకంలోని ప్రతి విషయం మీద ఒక అభిప్రాయానికీ యజమాని. ఒక మంగళవారం పొద్దున్న గేటు దగ్గర ఆగి, ఆకాశం చూసి, కుక్కని పలకరించి, ఇక చూడ్డానికి ఏమీ లేక మెల్లిగా జీపు దగ్గరికొచ్చాడు. వంగి, తలుపు కింది రేకుని బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి పోయింది. టర్లొ మొహం వెలిగిపోయింది.

“నీ జీపు పోతోంది, కానల్,” అన్నాడు.

“అవును, పోతోంది,” అన్నాను.

ఆ తర్వాత నలభై నిమిషాలు ఇద్దరం పక్కపక్కన నిలబడి ఆ కంతని చూశాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ అవసరమే లేదు. చూడ్డానికి కంత ఉంది!

అప్పట్నుంచి ప్రతి మంగళవారం టర్లొ వచ్చేవాడు. కంత సంగతి సంతలో చెప్పాడు. దాంతో మిగతావాళ్లూ మొదలుపెట్టారు. వచ్చిన ప్రతివాడూ ఒక వేలు పెట్టి చూసేవాడు. మూడు వేళ్ల కంత అన్నాను కదా, అది పుట్టినప్పుడు టర్లొ బొటనవేలంతే. మిగతాది ప్రజల చందా.

ఒక్కొక్కరిదీ ఒక్కో వైద్యం. లప్పం పెట్టి పైన రంగు కొట్టెయ్యమని ఒకరు. లప్పం పెట్టేవాడు సొంత తల్లిని కూడా మోసం చేస్తాడు, తారు పుయ్యమని మరొకరు. గొర్రె బొచ్చు కాచి తీసిన జిడ్డు రాస్తే సముద్రంలో ముంచినా ఏమీ కాదని టర్లొ సిద్ధాంతం. రాశాం కూడా. జీపుకి తుప్పు ఆగలేదు గానీ, ఆ వారమంతా పొలాల్లో గొర్రెలు తలెత్తి జీపు వెనకాలే చూసేవి.

ఈ వైద్యులందరిలో నిజంగా చదువుకున్నవాడు హ్యూడీ మెక్‌గిన్లీ. ఈ చుట్టుపక్కల అంత బాగా రేకు అతికే వెల్డరు లేడు. అదీ పని మొదలుపెడితే.

నా జీపు పని వచ్చే గురువారం మొదలుపెడతానని హ్యూడీ పద్నాలుగు నెలలు చెప్పాడు. ప్రతి గురువారం తప్పకుండా వచ్చాడు. ప్రతి గురువారం చిన్న సుత్తితో కొట్టి చూసి, ఎక్కడిదాకా కొయ్యాలో సుద్దముక్కతో గీత గీశాడు. వారం తిరిగేసరికి వాన ఆ గీతని చెరిపేసేది, లేదా తుప్పు గీత దాటి ముందుకు పోయేది. మళ్లీ కొత్త గీత. సరిహద్దుల గురించి రెండు దేశాలు కూడా ఇంత ఓపిగ్గా చర్చించుకుని ఉండవు.

ఇంట్లోకి రమ్మంటే ఎవరూ వచ్చేవారు కాదు. బూట్లకి బురద అనేవారు. టీ బయటికే తెచ్చి జీపు ముందు మడ్‌గార్డు మీద పెట్టేవాణ్ణి. అందరూ అటే తిరిగి, కప్పు చేత్తో పట్టుకుని, కంత వైపు చూస్తూ తాగేవారు. గొర్రెల రేట్లు, మంత్రుల అవివేకం, ఎవరి మోకాలు ఎలా ఉంది, అన్నీ ఆ కంతకే చెప్పుకునేవారు. ఇంతమంది మాట ఇంత శ్రద్ధగా విన్న రేకు మరొకటి ఉంటుందా?

ఇప్పుడు అర్థమైందా, తుప్పు చేసిన సేవ? నాకు వారానికి ఆరేడుగురు మనుషులు. వాళ్లకి నిలబడ్డానికి ఒక చోటు. మధ్యలో వెల్డింగు చెయ్యని ఒక వెల్డరు. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏ ప్రభుత్వం చేసింది?

అయితే ప్రభుత్వానికి అది నచ్చలేదు. బండ్ల పరీక్ష పెట్టింది.

పరీక్ష కేంద్రంలో ఒక అమ్మాయి, చాలా మర్యాదస్తురాలు, జీపుని పైకెత్తించి కిందికి వెళ్లింది. స్క్రూడ్రైవరుతో రేకుని పొడిచి చూసింది. స్క్రూడ్రైవరు లోపలికి పోయింది. వేళ్లు పెట్టి వెతికింది. దొరకలేదు. అది రేకు లోపలి గొట్టంలో ఎక్కడో దొర్లుతున్న చప్పుడు మాత్రం ఇద్దరం విన్నాం. తర్వాత కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. వెనక్కి తిప్పి రెండో వైపు కూడా రాసింది.

మూడు వారాలు గడువు. ఆలోగా కింది రేకులు, రెండు తలుపుల రేకులు, వెనక మడ్‌గార్డులు మార్పించకపోతే జీపు రోడ్డెక్కకూడదు. జీపు లేకపోతే కొండ మీది నా గొర్రెల దగ్గరికి నేను వెళ్లలేను. జీపు బాగైపోతే నా దగ్గరికి మనుషులు రారు. వెన్న శాతం ఎంత కొలిచినా ఈ లెక్కకి జవాబు రాలేదు.

రేకులు తెప్పించాను. మా పోస్టు మజెల్లా వాటిని వ్యాన్లోంచి దింపడానికి సాయం పట్టింది. మజెల్లా ఈ దారిలో పంతొమ్మిదేళ్లుగా ఉత్తరాలు పంచుతోంది. చదవకుండానే అందరి ఉత్తరాలూ తెలిసిన మనిషి. అట్టపెట్టె వైపు చూసింది, నా వైపు చూసింది.

“ఇవి వేయించేస్తావా?”

“వేయించాలిగా.”

“వేయించు. ఆ తర్వాత నీ గుమ్మం దగ్గరికి వచ్చేది నేనొక్కదాన్నే. అదీ కరెంటు బిల్లు ఉంటే.”

ఆమె అంది గానీ, నేను అప్పటికే అనుకున్నదే. అందుకని ఒక పిరికి పని చేశాను. రేకుల పెట్టెని నల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డి ఉండల వెనక పెట్టేసి, గురువారం హ్యూడీ వచ్చినప్పుడు ఇంకా రాలేదని చెప్పాను. పాల సంఘంలో ముప్ఫయ్యొక్కేళ్లు ఒక్క అంకె మార్చని చెయ్యి! ఆ అబద్ధం పదినిమిషాలు బతికింది. రెండు కప్పుల టీ తాగిన హ్యూడీ గడ్డి ఉండల వెనక్కి వెళ్లాడు. మగవాళ్లు అలాంటి చోటికి ఎందుకు వెళతారో మీకు చెప్పక్కర్లేదు. వెళ్లినవాడు పెట్టె మోసుకుంటూ తిరిగొచ్చాడు.

“వచ్చినట్టున్నాయి,” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. మన మనుషుల్లో నాకు నచ్చే గుణాల్లో ఇదొకటి.

ఇక తప్పించుకునే దారి ఇద్దరికీ లేదు. సోమవారం పొద్దున్న పని మొదలైంది.

ఆ మూడు రోజులూ తిరనాళ్లే! గ్రైండరు చప్పుడు లోయ అవతలికి వినిపించింది. పదకొండు మంది వచ్చారు. టర్లొ కుర్చీ కూడా తెచ్చుకున్నాడు. హ్యూడీ పాత రేకు కోస్తుంటే ఇరవయ్యేళ్ల బురద ఇటుకల్లా ఊడిపడింది. బురదలోంచి ఒక గొర్రె చెవి బిళ్ల, ఒక చంచా, పరీక్ష కేంద్రం వారి స్క్రూడ్రైవరు బయటపడ్డాయి. చంచా మాది కాదు. ఎవరిదో ఇంతవరకు తేలలేదు. కోసిన రేకుని ఎత్తి ఎండకి పెడితే చిల్లుల్లోంచి వెలుగు నేల మీద చుక్కలు చుక్కలుగా పడింది. పదకొండు మందీ ఆ చుక్కల్ని చూశారు. బాగుంది, అంతే.

తర్వాత కొత్త రేకు పెట్టి అక్కడక్కడ చుక్క వెల్డింగు, తర్వాత నిండా వెల్డింగు, మళ్లీ గ్రైండరు, ప్రైమరు, రంగు. పాత ఆకుపచ్చ ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికిన ఆకుపచ్చ కొట్టాం. జీపు పైసగం ఉడికిన క్యాబేజీ, కిందిసగం పచ్చి క్యాబేజీ. పరీక్ష కేంద్రం అమ్మాయి పొడిచి చూసింది. రేకు టంగుమంది. ఆమె స్క్రూడ్రైవరు ఆమెకి ఇచ్చేశాను. నవ్వి, జాగ్రత్తగా పై జేబులో పెట్టుకుని, పాసైందని రాసింది.

మంగళవారం టర్లొ రాలేదు.

గురువారం హ్యూడీ రాలేదు. ఎందుకొస్తాడు? పని అయిపోయింది!

రెండో మంగళవారం టర్లొ ట్రాక్టరు గేటు దగ్గర నెమ్మదించింది. స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తాడు. మెరుస్తున్న రేకుల వైపు, మూసేసిన దుకాణం వైపు చూసినట్టు చూశాడు. వెళ్లిపోయాడు.

మూడో వారం నేను సిగ్గు వదిలేసి జీపు బానెట్ ఎత్తి పెట్టి, ఇంట్లో కిటికీ పక్కన కూర్చున్నాను. మన ఊళ్లో ఎత్తిన బానెట్ అంటే చర్చి గంట లాంటిది. టర్లొ రానే వచ్చాడు. లోపలికి తొంగి చూశాడు, ఆయిలు చూశాడు, బెల్టు నొక్కి చూశాడు.

“దీనికేం కాలేదే,” అన్నాడు.

“ఏం కాలేదు.”

“మరి ఎందుకు ఎత్తావు?”

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. అది చెప్పకుండా, గాలి తగలాలని అన్నాను. టర్లొ బానెట్ దింపి, కాస్త నొచ్చుకున్నట్టే వెళ్లిపోయాడు. బాగున్న బండి బానెట్ ఎత్తి పెట్టడమంటే దొంగ సాక్ష్యం చెప్పినట్టే కదా.

కాబట్టి పాఠకులారా, తుప్పుని పోగొట్టుకోకండి. కొత్త రేకులు వేయించినవాడి వాకిలి ఎలా ఉంటుందో చూశారు కదా. ఈ వ్యాసం ఇక్కడితో ముగించి, పత్రికకి పంపించేద్దామని కవరు కూడా తీశాను. అప్పుడు అనిపించింది, ఇందులో ఒక మాట దాస్తున్నానని. వెన్న శాతం రాసేటప్పుడు నీళ్ల శాతం కూడా రాయాలి.

రెండేళ్లు వాళ్లంతా వచ్చారు. వేళ్లు పెట్టి చూశారు, టీ తాగారు, గొర్రె జిడ్డు రాశారు. ఒక్కరు కూడా ఐలీష్ పేరు ఎత్తలేదు. ఒక్కసారి కూడా! ముప్ఫయ్యారేళ్లు ఇదే వాకిట్లో వాళ్లతో మాట్లాడిన మనిషి. ఆ కంత గురించి మేం అన్నిన్ని మాటలు ఎందుకు మాట్లాడుకున్నామంటే, ఆమె గురించి మాట్లాడకుండా ఉండటానికి. నేనేమైనా తక్కువ తిన్నానా? టర్లొ వాళ్ల అన్న డెనిస్ పడవ మునిగి చనిపోయినప్పుడు నేను టర్లొ ఇంటికి ఆరుసార్లు వెళ్లి, ఆరుసార్లూ గేటు కీలు చూసి వచ్చాను. ఆ కీలు గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఇలా కలం పట్టుకుని కూర్చున్నది నాలుగో గురువారం. వాకిట్లో కుక్క మొరిగింది. హ్యూడీ.

సుత్తి తెచ్చుకున్నాడు, అలవాటు కొద్దీ. జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తన వెల్డింగు మీద తనే వేలు రాసి చూశాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. తట్టి చూశాడు. అన్నిచోట్లా టంగుమంది. పని అంత బాగా చేసినందుకు అంత దిగులుపడ్డ పనివాణ్ణి నేను చూడలేదు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. చూడ్డానికి ఏమీ లేదు. ఇద్దరం చాలాసేపు ఆ ఏమీ లేనిదాన్నే చూశాం.

చివరికి సుత్తి జేబులో పెట్టుకుని, డ్రైవరు పక్క సీటు తలుపు మీద అరచెయ్యి ఆనించి, తలుపుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

“మా అమ్మాయి క్లోడా పుట్టిన రోజున ఐలీష్ నన్ను ఈ బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లింది.”

నేను కదల్లేదు. కదిలితే ఆగిపోతాడేమోనని.

మిగతాది ముక్కలుముక్కలుగా చెప్పాడు. పన్నెండేళ్ల కిందటి సంగతి. నెలలు నిండకుండానే నొప్పులొచ్చి అతని భార్యని అంబులెన్సు తీసుకుపోయింది. హ్యూడీ వ్యాను స్టార్టు కాలేదు. రోడ్డు మీద పరిగెడుతుంటే ఐలీష్ ఎదురొచ్చి, జీపు వెనక్కి తిప్పి ఎక్కించుకుంది. అప్పట్లో ఈ తలుపు గడియ సరిగ్గా పడేది కాదు. ఆసుపత్రి ఉన్న లెటర్‌కెన్నీ దాకా ప్రతి మలుపులోనూ తలుపు తెరుచుకోవడం, ఇతను రెండు చేతులా లాగి పట్టుకోవడం.

“మలుపు వచ్చినప్పుడల్లా, పట్టుకో హ్యూడీ, నువ్వు పడిపోతే మీ ఆవిడకి నేనేం చెప్పుకోను అనేది. నవ్వుతోందయ్యా. నేనేమో దారంతా ఏడుపే. చిన్నపిల్లాళ్లా. దిగేటప్పుడు మాత్రం ఎవరికీ చెప్పనని మాటిచ్చింది.”

“చెప్పలేదు,” అన్నాను. “నాక్కూడా.”

“తెలుసు. చెప్పుంటే నువ్వు నన్ను పన్నెండేళ్లూ ఆట పట్టించేవాడివి.”

తలుపు మీంచి చెయ్యి తియ్యకుండానే, “ఈ తలుపు కోసేటప్పుడు చెబుదామనుకున్నా,” అన్నాడు. “గ్రైండరు చప్పుడు.”

గ్రైండరు తిరిగింది మూడు రోజులే. అతను వచ్చింది పద్నాలుగు నెలలు. ఆ మాట నేను అనలేదు. “లోపలికి రా,” అన్నాను. బూట్ల వైపు చూసుకున్నాడు. విప్పి, గుమ్మం పక్కన పెట్టి, మేజోళ్లతో లోపలికొచ్చాడు. ఎడమ మేజోడుకి కంత ఉంది. మర్యాదకి నేను అటు చూడలేదు.

మనిషి పోయాక ఇక ఆ మనిషి గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదనుకుంటాం. ఉన్నదాన్నే తిప్పి తిప్పి తలుచుకుంటాం, అరిగిపోతుందేమోనని భయపడుతూ. క్లోడా పుట్టిన ఆ రోజు ఐలీష్ ఆలస్యంగా ఇంటికొచ్చి, రోడ్డు బాగా లేదంది. బంగాళాదుంపలు చల్లారిపోయాయని నేను సణిగాను. ఇప్పుడు నా దగ్గర కొత్తది ఒకటి ఉంది: మలుపు మలుపుకీ ఒక జీపు తలుపు తెరుచుకుంటోంది, ఒక మగవాడు ఏడుస్తున్నాడు, ఆమె నవ్వుతోంది.

అందుచేత, పాఠకులారా, పైన రాసినదంతా కొట్టేయండి. మీ జీపుల రేకులన్నీ రేపే మార్పించండి! ఒక్క చిల్లు కూడా మిగల్చకండి. గేటు కీళ్లకి నూనె పెట్టండి, పంపుల చప్పుడు సరిచేయించండి. మీ వాకిట్లోకి వచ్చిన మనిషికి మీ మొహం తప్ప చూడ్డానికి ఇంకేమీ ఉండకూడదు. వాళ్లే దారికొస్తారు. మీరు వేరే వాకిట్లోకి వెళ్లాల్సి వస్తే స్పానరు ఇంట్లో పెట్టి వెళ్లండి. నేను ఆదివారం అలాగే వెళ్లి, టర్లొతో డెనిస్ పేరు ఎత్తాను. టర్లొ చాలాసేపు నా చేతుల వైపు చూశాడు, స్పానరు ఎక్కడ దాచానా అని.

నిన్న మంగళవారం టర్లొ వచ్చాడు. జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి చూశాడు. కింది రేకుని బొటనవేలితో నొక్కాడు. వేలు దిగలేదు. గొంతు సవరించుకున్నాడు. ఏదో అనబోయి, వాన వచ్చేలా ఉందని చెప్పి వెళ్లిపోయాడు.

ఫరవాలేదు. నాకేం తొందర లేదు. ఆ రేకులకి పదిహేనేళ్లదాకా తుప్పు పట్టదని హ్యూడీ హామీ.